కాలేయ పరీక్షకు బీమా కలదా?

హైదరాబాదునందలి బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ అధ్యక్షులవారి సముఖమునకు,

ఆర్యా,

మూడు గంటలు ఉపవసించి వచ్చిన రోగి వెల్లకిలఁ బరుండి కుడిచేయి తలక్రిందఁ జేర్పఁగా, ప్రక్కటెముకల నడుమ సలాకనానించి, కాలేయకాఠిన్యమును కిలోపాస్కళ్లలోఁ దెలుపు ఫైబ్రోస్కాన్‌కు సూది యక్కఱలేదు, ఆసుపత్రి మంచము నక్కఱలేదు. మంచ మక్కఱలేకపోవుటయే దాని పాపమైనది కాఁబోలు! 24 గంటలు ఆసుపత్రిలో నుండనివానికి సాధారణముగా పాలసీ పైకమీయదు. కేవలము పరీక్షకై చేరినచో మీరు ప్రామాణీకరించిన 04వ మినహాయింపు అడ్డుపడును. ఆరోగ్య సంజీవని పాలసీలోనైనను, చేరికకు ముందు జరిగిన పరీక్షలలో ఆ వ్యాధికై 30 దినములలోపల జరిగినవానికే చెల్లింపు. అనఁగా కడుపున నీరుచేరి మంచమెక్కిన పిదపఁ గాని బీమా కనులు విప్పదన్నమాట. కావున నిట్టి పరీక్షను బహిరోగులకును వర్తింపఁజేసి, ఏ పాలసీ దీనికెంత యిచ్చునో మొదటి పుటలోనే తెలుఁగున ముద్రింపింపవలసినదిగాఁ బ్రార్థించుచున్నాను.

ఇట్లు,
ఒక పాలసీదారు