ఆటస్థలము బాలికలది గాదా?

సాయంకాలము మన పాఠశాల ఆటస్థలమున బంతి వెంట పరుగెత్తువారెవరు? బాలురే. ఎనిమిదవ తరగతి దాటినంతనే బాలికలు పుస్తకముల సంచితో తిన్నగా ఇంటి దారి పట్టుచున్నారు. “ఆడపిల్లకు ఆటలేల?” అను మాట నేటికిని తలిదండ్రుల నోట వినవచ్చుచున్నది. ఈ మాట ఎంతవరకు సమంజసమో న్యూజీలండు రగ్బీ క్రీడాకారిణి పోర్షియా వుడ్‌మన్ చరిత్ర చూచి నిర్ణయింపుడు.

1991లో జన్మించిన ఈమె మావోరీ వనిత. తండ్రియు, తండ్రి సోదరుడును ఆ దేశపు రగ్బీ జట్టున ఆడినవారు. అయినను ఈమె మొదట పేరు పొందినది నెట్‌బాల్ ఆటలో. జట్టునకు ఏడుగురు చొప్పున, పదునాలుగు నిమిషములు ఆడు “సెవెన్స్” రగ్బీని స్త్రీపురుషులకు ఇరువురకును ఒలింపిక్ క్రీడలలో చేర్ప 2009లో నిర్ణయమైనది. అందుచే 2012లో న్యూజీలండు రగ్బీ సంఘమువారు ఇతర క్రీడలు ఆడు యువతులను గూడ పరీక్షకు పిలిచిరి. వుడ్‌మన్ అట్లు వచ్చినదే. మరుసటి యేటనే మాస్కోలో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆమె యుండెను. శక్తి ఆమెయందు మున్నే కలదు. క్రొత్తగా జరిగినదెల్ల తలుపు తెరచుటయే.

2016లో రియో ఒలింపిక్ తుదిపోటీలో ఆస్ట్రేలియా చేత 24–17తో ఓడి, ఆమె జట్టు రజత పతకము పొందెను. పిదప మడమ వెనుక నరము తెగి ఆమె చాలకాలము ఆటకు దూరమయ్యెను. కోలుకొని 2021లో టోక్యోలోను, 2024లో ప్యారిస్‌లోను స్వర్ణ పతకములు గెలిచిన జట్లలో ఆడెను. బంతిని ఎదిరిపక్షపు గీతకు ఆవల నేల తాకించుటను “ట్రై” యందురు. ప్రపంచ సెవెన్స్ పోటీల పరంపరలో 200 ట్రైలు సాధించిన తొలి స్త్రీ ఈమెయే, అది 2023లో.

ఆటలో దెబ్బలు తగులవా యందురేమో. తగులును, ఆమెకును తగిలినవి. సైకిలు నేర్చు బాలునికిని మోకాళ్లు చెక్కుకొనును గాని, అందులకై మనము వానిచే సైకిలు మాన్పింపము. చదువు చెడునందురేమో. బాలుర విషయమున ఈ భయము మనకేల కలుగదు?

మనము ఇచట అల్పసంఖ్యాకులము. మావోరీలును తమ దేశమున అల్పసంఖ్యాకులే. వారి భాషకు 1987లో అధికార భాషా ప్రతిపత్తి లభించినది. గెలుపు పిదప ఆ జట్టు చేయు “హాకా” నృత్యమున ఆ భాషయే లోకమునకు వినబడుచున్నది. చిన్న సమాజము తన బిడ్డలలో సగముమందిని ఇంట కూర్చుండబెట్టి ముందునకు పోజాలదు.

మన బాలికలందరును ఒలింపిక్ క్రీడలకు పోవలెనని నా యభిప్రాయము గాదు. వారమునకు రెండు సాయంకాలములు ఆటస్థలమును వారికే విడువవలెను. ఆ దినములలో కుమార్తె కొంత ఆలస్యముగా ఇల్లు చేరినచో, తలిదండ్రులారా, “ఎచటికి పోతివి?” అని గద్దింపక “నేడేమి ఆడితివి?” అని యడుగుడు.