తేడా పిల్లల బుర్రల్లోనా, మన అలవాట్లలోనా?

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అక్కతో పెద్ద వాదనే అయ్యింది. అక్క జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆరు నుంచి ఎనిమిది దాకా చెప్తుంది. ఏదో ట్రైనింగులో "మగపిల్లల మెదడు లెక్కలకి, ఆడపిల్లల మెదడు భాషకి అనువు, దాన్ని బట్టి పాఠం చెప్పండి" అన్నారట. "నా క్లాసులో ఆడపిల్లలు చెయ్యెత్తనిది అందుకేనంటావా?" అని అడిగింది.

నేను ఒప్పుకోలేదు. ప్రోగ్రాము నెమ్మదిగా నడుస్తోందంటే ముందు టైము ఎక్కడ పోతోందో కొలుస్తాం కానీ, ఊహించుకుని కోడు మార్చం కదా! (మార్చేవాళ్ళూ ఉన్నారనుకోండి :))

కొలిచినవాళ్ళు ఏమన్నారో చూద్దాం. ఆడా మగా తేడాల మీద జరిగిన పరిశోధనల సారాంశాలు 46 తీసుకుని జానెట్ హైడ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 2005లో లెక్కతేల్చారు. 78 శాతం తేడాలు చిన్నవి, లేదా దాదాపు సున్నా. అసలు తేడాలే లేవని నేననను. 2018 పీసా పరీక్షల్లో చదివి అర్థం చేసుకోవడంలో పాల్గొన్న ప్రతి దేశంలోనూ అబ్బాయిలే వెనకబడ్డారు. కానీ వెనకబడటానికి కారణం మెదడేనని ఆ మార్కులు చెప్పవు.

మరి టీచరు సంగతి? ఇటలీ మిడిల్ స్కూళ్ళ మీద మికేలా కార్లానా అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధన 2019లో అచ్చయ్యింది. "లెక్కలు మగపిల్లలవి" అన్న భావన మనసులో బలంగా ఉన్న టీచర్ల దగ్గర చదివిన అమ్మాయిలు లెక్కల్లో ఇంకా వెనకబడ్డారు, తమ మీద తమకే నమ్మకం తగ్గింది. అబ్బాయిలకి ఏమీ కాలేదు. అంటే మెదడు పేరు చెప్పి ఆ భావననే టీచర్లకి నూరిపోస్తే ఏమవుతుందో ఆలోచించండి.

అందుకే అక్కకి ఓ చిన్న పని చెప్పా. తోటి టీచర్ని ఒక పీరియడు వెనక బెంచీలో కూర్చోబెట్టి, ఎవర్ని ఏం అడిగిందో గీతలు పెట్టమను అని. పోయిన వారం ఫోన్ చేసింది. "ఎందుకు?" అన్న ప్రశ్నలు దాదాపు అన్నీ అబ్బాయిలకే వెళ్ళాయట. అమ్మాయిలకి "తర్వాతి లైను చదువు". వాళ్ళకి మెచ్చుకోలు "నోట్సు నీటుగా ఉంది", వీళ్ళకేమో "బుర్రుంది, బద్ధకం". ఆ బద్ధకం అన్న కుర్రాళ్ళలో ఒకడికి లెక్కలోని వాక్యమే చదవడం రాదని అప్పుడే తెలిసిందట! "ఒరేయ్, ఇన్నేళ్ళూ అందర్నీ సమానంగా చూస్తున్నాననే అనుకున్నారా" అంది.

టీచర్లకి ఇవ్వాల్సిన ట్రైనింగు ఇదీ. గీతలు పెట్టి చూసుకోవడం, ప్రశ్న అడిగాక ఓ మూడు సెకన్లు ఆగడం, చెయ్యెత్తని వాళ్ళని కూడా పిలవడం. దీనికి ప్రొజెక్టరు కూడా అక్కర్లేదు.

మా ఏడో తరగతిలో ఒకమ్మాయి ఎప్పుడూ నాకంటే ముందే లెక్క చేసేసేది. మా సారు ఆమెని బోర్డు దగ్గరికి పిలవగా నేను చూసింది బోర్డు తుడవడానికే. ఇంటర్లో ఎంపీసీ నేను తీసుకున్నా, ఆమె తీసుకోలేదు. ఆ నిర్ణయం ఇంటర్లోనే జరిగిందంటారా?