పాడ్‌కాస్ట్‌కి మైక్ కొనకండి, ముందు ఎడిటింగ్ ఎవరు చేస్తారో తేల్చుకోండి

"బ్రో, ఫ్రెండ్స్ కలిసి సినిమాల మీద పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నాం. పది వేల లోపు ఏ మైక్ బెస్ట్?"

నాకు తరచుగా వచ్చే మెసేజ్ ఇది. గ్యాడ్జెట్ల గురించి రాసేవాడిని కాబట్టి నాలుగు మోడల్స్ పేర్లు చెప్పి, ప్లస్సులు మైనస్సులు రాసి పంపాలి. పంపను. నా జవాబు ఒక్కటే: ఏదీ కొనకండి. మీ జేబుల్లో మైకులు ఆల్రెడీ ఉన్నాయి.

ఊరికే చెప్పట్లేదు. 9,500 పెట్టి కొన్న యూఎస్‌బీ కండెన్సర్ మైక్ ఇప్పుడు నా టేబుల్ మీద ఇయర్‌ఫోన్లు తగిలించుకునే స్టాండ్‌గా పనిచేస్తోంది. ఆ పనికి మాత్రం చాలా బాగుంది, ఐదుకు ఐదు.

మేం ముగ్గురం బీటెక్‌లో ఒకే హాస్టల్ రూమ్. ఇప్పుడు ముగ్గురం హైదరాబాద్‌లోనే, వేర్వేరు కంపెనీల్లో. శుక్రవారం సెకండ్ షో చూడటం, బయట టీ బండి దగ్గర నిలబడి ఆ సినిమాని ముక్కలు ముక్కలు చేయడం, బండాయన స్టవ్ ఆపేస్తే గానీ కదలకపోవడం. ఒక రాత్రి మాలో ఒకడు "ఇదే రికార్డ్ చేస్తే జనం వింటారు రా" అన్నాడు. నిజానికి ఆ క్షణంలోనే ఫోన్ తీసి రికార్డ్ నొక్కాల్సింది. మేం ఏం చేశామంటే, ఇంటికెళ్ళి తెల్లారేదాకా మైక్ రివ్యూలు చూశాం.

మైక్ వచ్చింది. పీజీ రూమ్‌లో మధ్యలో స్టూల్ వేసి, దాని మీద మైక్ పెట్టి చుట్టూ కూర్చున్నాం. అక్కడ రెండు తప్పులు చేశాం. ఒకటి, కండెన్సర్ మైక్‌కి చెవులు మరీ పదును. టైల్స్ నేల, ఖాళీ గోడలు, పైన ఫ్యాన్ ఉన్న గదిలో పెడితే మన గొంతుతో పాటు గోడకి తగిలి తిరిగొచ్చే గొంతునీ, ఫ్యాన్‌నీ, పక్క రూమ్ మిక్సీనీ కూడా వింటుంది. రెండోది, మేం కొన్నది ఎదురుగా ఉన్నవాడి గొంతునే బాగా పట్టే రకం. కాబట్టి ఒకడు రేడియో అనౌన్సర్‌లా, మిగతా ఇద్దరు బావిలోంచి మాట్లాడినట్టు వినిపించాం.

అంతకంటే ఘోరం, మా మాటలే మారిపోయాయి. టీ బండి దగ్గర "వాడి ఇంట్రడక్షన్ చూశావా మామా" అనేవాడు మైక్ ముందు "ఈ చిత్రం యొక్క ప్రథమార్ధం" అని మొదలెట్టాడు. యొక్క అట! నాలుగేళ్ళు వాడి పక్క మంచం మీద పడుకున్నాను, ఒక్కసారి కూడా ఆ మాట వాడి నోటి వెంట వినలేదు.

సరే, సౌండ్ గోల ఎలాగో సర్దుకుంది. అసలు దెబ్బ ఎడిటింగ్‌లో తగిలింది.

మా మూడో ఎపిసోడ్ 'శివ' మీద. 1989 నాటి సినిమా, మేమెవరం అప్పటికి పుట్టలేదు. విజయవాడలో ఇంజనీరింగ్ చదివిన రామ్ గోపాల్ వర్మ మొదటి సినిమా అని, స్టెడీక్యామ్ షాట్లనీ, రఘువరన్ భవానీ పాత్రనీ పట్టుకుని ఒక గంట బాగానే లాగించాం. అప్పుడు మా విజయవాడవాడు వాళ్ళ నాన్న కథ ఎత్తుకున్నాడు. ఆయన ఆ రోజుల్లో బెజవాడలోనే డిగ్రీ చదివారు. కాలేజీ గేటు దగ్గర గుంపు కనిపిస్తే సైకిల్ వెనక్కి తిప్పి ఇంటికొచ్చేసిన రోజులు, 'శివ' చూసొచ్చిన రాత్రి పెరట్లో తన సైకిల్ చైన్ నాగార్జునలా ఒక్క గుంజు గుంజి అరచెయ్యి కోసుకోవడం, ఆ గీత ఇప్పటికీ ఉండటం. పద్నాలుగు నిమిషాలు చెప్పాడు. ఈసారి "యొక్క" లేదు.

ఎడిటింగ్ మొత్తం నా నెత్తినే. ఎందుకంటే మైక్ నా లాప్‌టాప్‌కి కనెక్ట్ అయి ఉంది కాబట్టి. అంతే, ఇంకో కారణం లేదు. ఒక గంటన్నర రికార్డింగ్‌కి రెండు రాత్రులు పట్టేది. ఒకే మైక్ కదా, ముగ్గురి గొంతులూ ఒకే ట్రాక్‌లో. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు దగ్గితే ఆ దగ్గుని విడిగా తీసే మార్గం లేదు. మర్నాడు రిలీజ్ ఉంది, ఆఫీస్‌లో నైట్ డిప్లాయ్‌మెంట్. ఎపిసోడ్ గంట లోపు ఉండాలని నేనే పెట్టుకున్న రూల్ ఒకటి. రాత్రి రెండింటికి ఆ పద్నాలుగు నిమిషాలు సెలెక్ట్ చేశాను. ఆఫ్ టాపిక్ అనిపించింది. డిలీట్. ఎక్స్‌పోర్ట్ చేసి, డిస్క్ నిండిపోయిందని ఒరిజినల్ ఫైల్ కూడా తీసేశాను.

వాడు ఆదివారం ఇంట్లో వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఎపిసోడ్ ప్లే చేశాడు. ఆయన చివరిదాకా విని, "ఏరా, నా గురించి చెప్పానన్నావు, ఎక్కడుంది?" అన్నారట. ఈ సంగతి నాకు వాడు చెప్పలేదు. మూడోవాడు చెప్పాడు. వాడు గొడవ పెట్టుకుని ఉంటే బాగుండేది. తర్వాతి శనివారం "పనుంది రా" అన్నాడు, ఆ తర్వాత శనివారం కూడా. సినిమాలకి రావడం కూడా తగ్గించాడు. నేను ఫైల్ రికవరీ టూల్స్ రెండు వాడి చూశాను. లాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ. డిలీట్ చేసిన బ్లాకుల్ని అది తనంతట తానే తుడిచేసుకుంటుంది, అందుకే ఆలస్యమైతే తిరిగి రావడం కష్టం. ఏమీ దొరకలేదు.

సింగిల్ ఛానల్, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో గంట ఆడియో అంటే సుమారు 345 ఎంబీ. మనం స్టేటస్‌లో పెట్టడానికి తీసే ఫోర్‌కే వీడియో ఒక్క నిమిషంది అంతకు దగ్గర్లో ఉంటుంది. ఆ కాస్త జాగా కోసం నేను చేసిన పని అది.

ఇప్పుడు మేం చేసేది చెప్తాను, మైక్ అడిగినవాళ్ళందరికీ ఇదే పంపుతున్నాను. ఎవరి ఫోన్ వాళ్ళ ముందు, నోటికి జానెడు దూరంలో, కింది అంచు మనవైపు. ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్ యాప్ చాలు, సెట్టింగ్స్‌లో వావ్ అనో లాస్‌లెస్ అనో ఉంటే అది పెట్టండి. ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి. మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది, మీకు గంట తర్వాత గానీ తెలీదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మైక్ మాత్రం వద్దు. అందులో మైక్ ఆన్ అవ్వగానే చాలా బడ్స్ కాల్ మోడ్‌లోకి దిగిపోతాయి, ఎంత ఖరీదైనవైనా గొంతు పాత ల్యాండ్‌లైన్‌లా వస్తుంది. మొదట్లో అందరి ఫోన్లూ దగ్గర పెట్టి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. షూటింగ్‌లో క్లాప్ కొట్టేది ఇందుకే, వేవ్‌ఫామ్‌లో ఆ స్పైక్ చూసి ట్రాకులన్నీ ఒక లైన్‌లో పెట్టుకోవచ్చు. చివర్లో ఇంకొకటి కొట్టండి. రెండు ఫోన్ల గడియారాలు అచ్చంగా ఒకే వేగంతో నడవవు, గంట గడిచేసరికి గొంతులు కాస్త అటూ ఇటూ జరుగుతాయి. రెండో చప్పట్టు చూస్తే ఎంత జరిగాయో తెలుస్తుంది. ఆడాసిటీ ఫ్రీ, ఈ పనికి అది ఎక్కువే. ఫ్యాన్ ఆపి, కింద దుప్పటి పరిచి, బట్టల బీరువా తలుపులు తెరిచి పెట్టి కూర్చోండి. పిచ్చోళ్ళలా కనిపిస్తారు. కానీ ఎకో చాలావరకు తగ్గుతుంది.

ఇందులో నాకు నచ్చింది క్వాలిటీ కాదు. మూడు ఫోన్లంటే మూడు ఫైళ్ళు, ఎవరి గొంతు వాళ్ళ దగ్గరే ఉంటుంది. నేను రాత్రి రెండింటికి ఏం తెగ్గోసినా వాడి మాట వాడి ఫోన్‌లో భద్రంగా ఉంటుంది. ఎడిటింగ్ వంతులవారీగా. కట్ చేయాలనుకున్న చోటు రెండు నిమిషాలు దాటితే, ఆ మాటలు అన్నవాడిని అడగాలి. రూల్స్ రాసుకుని ఫ్రెండ్‌షిప్ నడపడమేంటి అని మూడోవాడు నవ్వాడు. ఆఫీస్‌లో ఇంకొకరి కోడ్ తీసేయాలంటే రివ్యూ అడుగుతాం కదరా అన్నాను. మాట్లాడలేదు.

మైక్ కొనడం ఎప్పుడూ తప్పని అనను. ఇరవై ఎపిసోడ్లు దాటాక, ఒకే గదిలో కూర్చునే అలవాటు నిలబడ్డాక, కావాలనిపిస్తే మనిషికొక డైనమిక్ మైక్ తీసుకోండి. మామూలు గదుల్లో కండెన్సర్ కంటే అదే నయం. కానీ మొదటి నెలలోనే డబ్బు పెడితే ఏమవుతుందో నేను చూశాను. పెట్టినవాడు ప్రొడ్యూసర్ అయిపోతాడు, మిగతావాళ్ళు గెస్టులు అయిపోతారు. మా విషయంలో ఆ ప్రొడ్యూసర్ని నేనే.

నెల రోజుల తర్వాత బస్సెక్కి విజయవాడ వెళ్ళాను, వాడు ఇంటికొచ్చిన వారాంతం చూసుకుని. అంకుల్‌కి సారీ చెప్పాను. ఆయన "దానికేముంది బాబూ" అని టీ ఇప్పించారు. ఫోన్ ముందు పెట్టి మళ్ళీ చెప్పమంటే కాస్త సిగ్గుపడుతూ చెప్పారు. నిజం చెప్పాలంటే కొడుకు చెప్పినంత బాగా రాలేదు, ఆరు నిమిషాల్లో అయిపోయింది. మధ్యలో వీధిలో కూరగాయల బండి అరుపు కూడా పడింది. మావాడు పక్కనే కూర్చుని "అది కాదు నాన్నా, ముందు గేటు దగ్గర గుంపు గురించి చెప్పు" అంటూ నాలుగుసార్లు అడ్డుపడ్డాడు. అదీ ఉంచేశాను.

వచ్చే శనివారం 'మాయాబజార్'. ఎడిటింగ్ వంతు వాడిది.