గృహవిజ్ఞానము: చలిగదికి ఆవిరి రేడియేటరు

అమెరికాలోని న్యూజెర్సీలో కాపురముండు సోదరి యొకరు మాకు వ్రాసియున్నారు. వారిది పాతయిల్లు. నేలమాళిగలో బాయిలరును, గదులన్నింటను ఆవిరితో వేడెక్కు ఇనుప రేడియేటరులును గలవు. వెనుకటి వసారాను మూసి చేసిన గదిలో మాత్రము లేదు. సంక్రాంతి వెళ్లగనే తల్లిగారు ఆంధ్రదేశమునుండి వచ్చి ఆ గదిలోనే యుండవలెనట. మరియొక రేడియేటరును కొని గొట్టమునకు తగిలించిన చాలదా యని వారి ప్రశ్న.

చాలదు. ఆవిరి తనంత తానే గొట్టములగుండ పైకి పోవును. రేడియేటరులోని గాలి చిన్న రంధ్రముగుండ వెలికిపోగా ఆవిరి లోనికి వచ్చి, చల్లని యినుమును తాకి మరల నీరగును. వేడిమి వెలువడునది అప్పుడే. మరగిన నీరు గ్రాము గోరువెచ్చనగువరకు విడుచునది 60 కాలరీలు. గ్రాము ఆవిరి నీరగునప్పుడు విడుచునది సుమారు 540. ఇడ్లీపాత్ర మూత తీయుచు చేయి కాల్చుకొన్నవారికి ఈ లెక్క వేరుగ చెప్పనక్కరలేదు.

పాతయిండ్లలో పలుచోట్ల గొట్టమొక్కటే. ఆవిరి వచ్చిన దారినే నీరు తిరిగి పోవలయును. కావున గొట్టము బాయిలరువైపునకును, రేడియేటరు వాల్వువైపునకును వాలియుండవలయును. వాలు తప్పినచో నిలిచిన నీటిని ఆవిరి విసరికొట్టగా సమ్మెటపోటువంటి చప్పుడగును. అర్ధరాత్రమున ఆ మోత విని తల్లిగారు దయ్యమనుకొన్న నాశ్చర్యము లేదు. వాల్వును సగము త్రిప్పి వేడి తగ్గింపజూచినను నీరు లోపలనే చిక్కుకొనును. పూర్తిగ తెరువవలయును, లేదా పూర్తిగ మూయవలయును.

బాయిలరు శక్తి మరియొక చిక్కు. రేడియేటరులను చదరపుటడుగులతో కొలుతురు; అడుగొక్కింటికి గంటకు 240 బ్రిటిషు ఉష్ణమానములు. ఇంటిలోని వానినన్నింటిని కూడి, క్రొత్తదానిని చేర్చి, బాయిలరు రేకుపైనున్న యంకెతో పోల్చవలయును. మొత్తము మించినచో కడపటి గదులు సగము చల్లగనే యుండును. వసారా క్రింద నేలమాళిగ లేక వట్టి చలిగాలి సందే యున్నచో, గొట్టమునకు మందమైన తొడుగు వేయింపనిదే ఆవిరి దారిలోనే నీరగును. పాత తొడుగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. దానిని చేత ముట్టరాదు.

ఇంకొకటి. వసారాగోడలు సాధారణముగ పలుచన. అందు రేడియేటరు పెట్టుట చిల్లికుండలో నీళ్లు పోయుటవంటిదే. ముందు గోడలు, నేల, కిటికీలు బాగుచేయించి, గొట్టపుపనిని బాయిలరు చల్లారియుండు వేసవిలో ఆవిరిపని యెరిగిన పనివానిచేత చేయించుట మేలని మా యభిప్రాయము. ఈ చలికాలమునకు నూనె నింపిన విద్యుత్ హీటరు చాలును. దాని తీగను గోడలోని సాకెటుననే పెట్టవలయును, పొడిగింపు తీగలకు తగిలింపరాదు.

తల్లిగారు అలవాటుకొలది బొగ్గుల కుంపటి యడుగవచ్చును. మూసిన గదిలో కుంపటి ప్రాణాంతకము. అందుండి వచ్చు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు మేలుకొనకయే పోవుదురు. బాయిలరున్న యింట ఆ వాయువును కనిపెట్టి మ్రోగు యంత్రమును పడకగదుల చెంత తప్పక యుంచవలయును.

రేడియేటరు పెట్టించునాడు కిటికీ క్రింద పెట్టించి, మంచమును దూరముగ వేయుడు. ఆ యినుము ముట్టిన చేయి కాలును. బాయిలరు రేకుపైనున్న యంకెలను, గది కొలతలను వ్రాసి పంపినచో వచ్చు సంచికలో లెక్క కట్టి తెలిపెదము.