అవ్వకూ ఇంగ్లీషు కావాలె

2022 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకున్నది. 2022-23 విద్యా సంవత్సరం నుంచి సర్కారు బడుల్లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మా ఇండ్లల్ల మొదటిసారి డిగ్రీ చదివి పంతుళ్లమైన వాళ్లం మేం. ఈ నిర్ణయాన్ని అప్పుడు సమర్థించినం. ఇప్పుడూ సమర్థిస్తున్నం.

అప్పుడు కొందరు పెద్దలకు మాతృభాష మీద ప్రేమ పొంగింది. తెలుగు సచ్చిపోతదని బాధపడ్డరు. అయ్యా, మీ పిల్లలు ఏ బడిల చదివిన్రు? కాన్వెంటు బస్సు మీ ఇంటి ముందర ఆగినప్పుడు తెలుగు యాదికి రాలేదా? కూలోళ్ల బిడ్డ ఇంగ్లీషు చదువుతనంటేనే భాషకు ఆపద వచ్చిందా?

అసలు ఏ మాతృభాష? మా అమ్మలు మాట్లాడే మాట తెలుగు వాచకంల ఎన్నడున్నది? వాడ మాట మాట్లాడితే తరగతిలో నవ్విన్రు. యాస మార్చుకుంటేనే చదువుకున్నోడన్నరు. పుస్తకాల తెలుగు కూడా మేం కష్టపడి నేర్చుకున్న భాషే. అంత దూరం నడిచినోళ్లకు ఇంకొక భాష నేర్చుకునుడు చాతకాదా?

అయితే ఒక మాట మనలో మనం మాట్లాడుకోవాలె. బడి గోడ మీద బోర్డు మారితే ఇంగ్లీషు వచ్చినట్టు కాదు. సారు చదువుతడు, పిల్లలు వెంట అంటరు. అర్థం ఎవరికీ అందదు. పాత వరంగల్ జిల్లాలో కోయ పిల్లలున్నరు, లంబాడీ తండాల పిల్లలున్నరు. వాళ్లకు ఎదురు పేజీల ఉన్న తెలుగు కూడా ఇంటి భాష కాదు. ఇంటికి పోయి అడుగుదామంటే అమ్మకు అక్షరం రాదు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో ఏడేళ్లు దాటినోళ్లలో నూటికి 66 మందే అక్షరాస్యులు. ఆడోళ్లలో ఇంకా తక్కువ. బిడ్డ ఇంగ్లీషుల చదువుతుంటే తల్లి పక్కన మూగగా కూసోవాల్నా?

ఇంగ్లీషు పిల్లల ఉద్యోగాల కోసమే అనుకోవడం పొరపాటు. హైకోర్టు, సుప్రీంకోర్టుల భాష ఇంగ్లీషని రాజ్యాంగం 348వ అధికరణ చెప్తున్నది. 1989 అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసు పై కోర్టుకు పోతే, దెబ్బలు తిన్న మనిషి తన కేసు కాగితం తానే చదువుకోలేడు. నిజాం కాలంలో సర్కారు భాష ఉర్దూ. అప్పుడు దస్తరం చదవగలిగినోడు చెప్పిందే న్యాయం. భాష మారింది గానీ కాగితం ఇంకా మనకు దూరంగనే ఉన్నది.

పురుగుల మందు డబ్బా సంగతే చూడండి. పత్తి చేన్లల్ల, మిర్చి తోటల్ల మందు కొట్టేది మనోళ్లే. డబ్బా మీద రంగు ముక్కోణం ఉంటది. ఎరుపు అన్నిటికన్న ప్రమాదం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపుకు పుర్రె బొమ్మ, పాయిజన్ అనే మాట. పసుపుకూ పాయిజనే. నీలానికి డేంజర్. ఆకుపచ్చకు కాషన్. ఈ మూడు మాటలు చదవడం వస్తే ప్రాణం మీద జాగ్రత్త వస్తది. కూలి మనిషికి ఇంతకన్న మంచి మొదటి పాఠం ఏముంటది?

మా అవ్వలకు ఇంగ్లీషు రాదని ఎవరన్నరు? కరెంటు, మోటరు, స్టార్టరు, టికెట్టు, లోను, బ్యాంకు, ఇంజక్షను. లెక్కపెడితే నూరు మాటలు నాలుక మీదనే ఉన్నయి. వాటికి అక్షరాలు చూపిస్తే చాలు. తెల్వని యాపిల్ పండుతోని మొదలుపెట్టే పని లేదు.

పూలే దంపతులు 1848లో పుణెలో ఆడపిల్లలకు బడి పెట్టిన్రు. 1855లో పగలంతా కష్టం చేసే రైతులకు, కూలీలకు రాత్రి బడి పెట్టిన్రు. బిడ్డకూ తల్లిదండ్రులకూ చదువు ఒక్కసారే కావాలని వాళ్లకు ఎరుకే. ఆ దారి మనం మళ్లీ పట్టాలె.

వారానికి రెండు రాత్రులు మన కమ్యూనిటీ హాలు తెరవాలె. ఎనిమిదో తరగతి పిల్ల, ఆమె తల్లి, అవ్వ ఒకే చాప మీద కూసోవాలె. పిల్ల అక్షరం చెప్తది, అవ్వ మాట ఇస్తది. మాత్రల అట్ట, బ్యాంకు పాస్‌బుక్కు, ఫోనుకు వచ్చిన మెసేజి, ఇవే పుస్తకాలు. పగటి బడిలో బిడ్డ ముందు తన ఇంటి భాషలో అడగనియ్యాలె. అది లంబాడీ అయినా, కోయ అయినా, వాడ తెలుగు అయినా. తప్పు పలికినోళ్లను చూసి నవ్వొద్దు. తల్లిదండ్రుల మీటింగుల తెలుగులనే మాట్లాడాలె. ఖాళీ పంతులు పోస్టులు నింపాలని, ఉన్న పంతుళ్లకు మంచి శిక్షణ ఇయ్యాలని సర్కారును నిలదీయాలె.

ఈ పని ఎవరో వచ్చి చెయ్యరు. ప్రతి వాడలో పదో తరగతి దాటినోళ్లు ఇద్దరన్న ఉంటరు. సంఘం వాళ్లు ముందు ఆ ఇద్దరి తలుపు తట్టాలె. వచ్చే వారమే మొదలుపెట్టండి.

జై భీమ్!