‘చెప్తే వినరు’ అనే ముందు

ప్రభుత్వాసుపత్రి ఓపీలో కాసేపు నిలబడినవారికి ఈ సంభాషణ కొత్త కాదు. యాభై దాటిన ఒకామె షుగర్ పరీక్ష చీటీ బల్ల మీద పెడుతుంది. డాక్టరు అంకె చూసి మొహం చిట్లిస్తాడు. ‘‘మళ్లీ పెరిగిందేమ్మా? అన్నం తగ్గించమన్నానా లేదా?’’ ‘‘తగ్గించానండీ.’’ ‘‘తగ్గిస్తే ఇంతెందుకుంటుంది? ఇలాగే తింటే రేపు కాలు తీసేయాల్సొస్తుంది. అప్పుడు నన్నని లాభం లేదు.’’ ఆమె తలూపుతుంది. చీటీలోకి ఇంకో మాత్ర ఎక్కుతుంది. బయటికొచ్చాక తోడొచ్చిన కోడలితో అనే మాట మాత్రం డాక్టరు చెవిన పడదు: ‘‘ఎండలో నాట్లేసేదాన్ని, రెండు చపాతీలు తిని ఎట్లా నిలబడతానే?’’

ఆ మాట గది లోపల వినిపించాల్సింది. ఆమె ఏ పూట ఏం తింటుంది, దేన్ని వదులుకోగలదు, దేన్ని వదులుకోలేదు అన్న సమాచారం మొత్తం అందులోనే ఉంది. డాక్టరుకు అది అందలేదంటే ఆయన చెడ్డవాడని కాదు. మందుల మోతాదులు నేర్పినంత శ్రద్ధగా, రోగిని ఎలా అడగాలో ఆయనకెవరూ నేర్పలేదు. పైగా వినకపోవడమనే ఈ జబ్బు మన దగ్గరే ఉన్నది కాదు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు 74 మంది రోగులు డాక్టర్లతో మాట్లాడిన తీరును రికార్డు చేసి, 1984లో ఫలితాలు అచ్చు వేశారు. రోగి బాధ చెప్పుకోవడం మొదలుపెట్టిన 18 సెకన్లకే, సగటున, డాక్టరు మధ్యలో అందుకున్నాడు. మన సంగతి ఇంకా ఇరుకు. 67 దేశాల లెక్కలు పోగుచేసి 2017లో వెలువరించిన ఒక అధ్యయనం ప్రకారం స్వీడన్‌లో ఒక్కో రోగికి దక్కేది 22.5 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. భారతదేశంలో సుమారు రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాలూ మందలింపుకే పోతున్నాయి. దాన్ని వైద్యంలో భాగమనుకోవడమే అసలు చిక్కు.

ఇందుకు విరుగుడుగా పుట్టిన పద్ధతి ఒకటుంది. దాని పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. అది పుట్టింది షుగర్ వార్డులో కాదు, తాగుడు మాన్పించే చోట. ఒకప్పుడు అమెరికాలో ఆ చికిత్స అంటే చాలాచోట్ల నిలదీయడమే: నువ్వు తాగుబోతువని ఒప్పుకో, ఒప్పుకునేదాకా వదిలేది లేదు. న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్‌కు ఆ ధోరణి నచ్చలేదు. 1982లో ఆయన నార్వేలో బెర్గెన్ దగ్గర కొంతకాలం ఉన్నారు. అక్కడి కుర్ర సైకాలజిస్టులు తామే రోగుల్లా నటిస్తూ ‘మీరైతే ఏమంటారో చూపించండి’ అని అడిగేవారు. ఆయన మాట్లాడుతుంటే మధ్యలో ఆపి, ‘ఆ ప్రశ్నే ఎందుకు వేశారు? ఇంకోటి ఎందుకు వేయలేదు?’ అని తవ్వేవారు. తనకు తెలియకుండానే తాను పాటిస్తున్న సూత్రాలేమిటో మిల్లర్‌కు ఆ ప్రశ్నల వల్లే తేటపడింది. 1983లో వాటిని వ్యాసంగా రాశారు. తర్వాత వేల్స్‌లో పనిచేస్తున్న స్టీఫెన్ రోల్నిక్ తోడయ్యారు. ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం 1991లో వచ్చింది.

వారు గమనించిన విషయం మన ఇళ్లలో రోజూ కనిపించేదే. తాగే మనిషికి తాగుడు మంచిది కాదని తెలుసు. మానాలని ఉంటుంది, మానలేననీ ఉంటుంది. మనసులో ఆ రెండు పక్షాలూ వాదులాడుకుంటున్న సమయంలో డాక్టరో, భార్యో, బావమరిదో వచ్చి ‘మానాల్సిందే’ అన్న పక్షం మొత్తం తామే ఎత్తుకుంటారు. ఇక ఆ మనిషికి మిగిలేది రెండో పక్షమే. ‘మా నాయన తొంభై ఏళ్లు బతికాడు, చావబోయే ముందురోజు కూడా తాగాడు’ అంటాడు. అంటున్నకొద్దీ తన మాట తనకే నిజమనిపిస్తుంది. ఇది ఊరికే అనుకున్నది కాదు. మిల్లర్ బృందం 1993లో వెలువరించిన అధ్యయనంలో, కౌన్సెలర్ ఎంత గట్టిగా నిలదీస్తే ఆ రోగి ఏడాది తర్వాత అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది. మందలింపు పనిచేయకపోవడం కాదు, ఎదురు తిరుగుతోంది.

మరి ఈ పద్ధతిలో మాట ఎలా నడుస్తుంది? నాట్లేసే ఆమెనే కూర్చోబెట్టి చూద్దాం. ఈసారి ఎదురుగా ఉన్నది నర్సమ్మ.

‘‘అమ్మా, తిండి గురించి రెండు మాటలు మాట్లాడుకుందామా? మీకు వీలేనా?’’

‘‘మాట్లాడమ్మా.’’

‘‘డాక్టరు గారు చెప్పినవాటిలో మీకు ఏది కష్టంగా ఉంది?’’

‘‘మధ్యాన్నం అన్నం లేకపోతే ఒంట్లో సత్తువుండదు.’’

‘‘ఎండలో పని. మధ్యాహ్నం అన్నం పడకపోతే నిలబడలేరు.’’

‘‘అదే గదమ్మా నేననేది! రాత్రయితే పర్లేదు. ఎటూ పడుకోవడమేగా.’’

ఇక్కడ నర్సమ్మ చేసింది పెద్దగా ఏమీ లేదన్నట్టు ఉంటుంది. రోగి చెప్పింది రోగికే తిరిగి చెప్పింది, అంతే. కానీ దాంతో రోగికి పోట్లాడాల్సిన అవసరం తీరిపోయింది. ‘రాత్రయితే పర్లేదు’ అన్న దారి ఆమే చూపించింది. నర్సమ్మ ఇప్పుడు దాన్ని పట్టుకుంటుంది. ‘‘రాత్రి పూట అన్నం తగ్గించడం మీ వల్ల అవుతుందని పదికి ఎంత నమ్మకం?’’ ‘‘ఐదనుకో.’’ ‘‘రెండనకుండా ఐదన్నారే, ఎందుకని?’’ ఆమె కాసేపు ఆగి అంటుంది: ‘‘మా అక్కకు కాలు తీసేశారమ్మా. నాకు ఆ గతి పట్టకూడదు.’’

డాక్టరు బెదిరించి చెప్పిన మాటే ఇది. కాకపోతే ఈసారి ఆమె నోటి నుంచి వచ్చింది, బెదిరింపుగా కాదు, కారణంగా. ప్రశ్న వేసిన తీరు కూడా గమనించాలి. ‘ఐదేనా, ఎనిమిది ఎందుకు కాదు?’ అని అడిగి ఉంటే ఆమె సాకులు వెతుక్కునేది. ‘రెండెందుకు కాదు?’ అనేసరికి తగ్గించడానికి తనకున్న బలం వెతుక్కుంది. ఈ పద్ధతిలో నేర్పు అంటే చాలావరకు ఇలాంటి చిన్న మలుపులే. సలహా ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఇచ్చే ముందు అనుమతి అడగాలి, ఇచ్చాక ‘దీనికి మీరేమంటారు?’ అని అడగాలి.

ఇది మహిమ అనుకుంటే పొరపాటు. డెన్మార్క్ పరిశోధకులు 72 పరీక్షల ఫలితాలను గుదిగుచ్చి 2005లో చూస్తే, సుమారు నాలుగింట మూడు వంతుల్లో మామూలు సలహా కంటే ఇది మెరుగ్గా ఉంది. పావుగంట సంభాషణలు జరిపిన పరీక్షల్లోనూ 64 శాతం ఫలించాయి. ఇక పొగతాగడం దగ్గరికొస్తే కథ వేరు. కాక్రేన్ సంస్థ 2019లో 37 అధ్యయనాలను పరిశీలించి, పొగ మాన్పించడంలో ఇది పనిచేస్తుందని చెప్పడానికి ఉన్న ఆధారాలు చాలవని తేల్చింది. ఏ జబ్బుకైనా ఇదే మందని అమ్ముకునేవారికి ఈ సంగతి గుర్తుచేయాలి.

మనకు అన్నిటికంటే దగ్గరి పాఠం గోవా నుంచి వచ్చింది. సంగత్ అనే సంస్థ, విక్రమ్ పటేల్, అభిజిత్ నడ్కర్ణి వంటి వైద్యులు కలిసి అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రమాదకరంగా తాగే 377 మంది మగవాళ్ల మీద ఒక పరీక్ష జరిపారు. సగంమందికి మామూలు వైద్యాన్నే కాస్త మెరుగుపరిచి ఇచ్చారు. మిగతా సగానికి దానితోపాటు ఈ పద్ధతిలో మాట్లాడే కౌన్సెలర్‌ను జతచేశారు. ఒకటి నుంచి నాలుగు విడతలు, ఒక్కో విడత అరగంట నుంచి ముప్పావుగంట. ఆసుపత్రిలో కుదరకపోతే ఇంటి దగ్గరే. ఆ కౌన్సెలర్లు డాక్టర్లు కారు, సైకాలజీ చదివినవారూ కారు. తర్ఫీదు పొందిన స్థానికులు. మూడు నెలలు గడిచాక చూస్తే, మాటసాయం అందనివారిలో 26 శాతం, అందినవారిలో 36 శాతం ప్రమాదకర తాగుడు నుంచి బయటపడ్డారు. గడిచిన రెండు వారాల్లో చుక్క ముట్టనివారు మొదటి గుంపులో 18 శాతం, రెండో గుంపులో 42 శాతం. తాగడం కొనసాగించినవారు తాగే మోతాదు మాత్రం తగ్గలేదు, ఆ సంగతీ పరిశోధకులు దాచలేదు. 2017లో ‘లాన్సెట్’ పత్రిక దీన్ని ప్రచురించింది. ఏడాది తర్వాత మళ్లీ చూసినా ఆ తేడా నిలిచే ఉంది.

పల్లెటూరి మనిషి చెప్తే వినడు అనే మాటకు మన గడ్డ మీదే అంతకంటే పాత జవాబు ఒకటుంది. శ్రీకాకుళం పల్లెల్లో ఆడవాళ్లు చుట్టను తిరగేసి, కాలే కొస నోట్లో పెట్టుకుని పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు ప్రపంచంలోని నోటి క్యాన్సర్ పరిశోధకులందరికీ తెలుసు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేలమందికి పైగా పొగాకు వాడేవారిని ఇంటింటికీ వెళ్లి కలిశారు, నోరు పరీక్షించారు, మానమని చెప్పారు, మళ్లీ మళ్లీ వెళ్లారు. అది మిల్లర్ పద్ధతి కాదు. అయినా, అయిదేళ్ల తర్వాత చూస్తే అలా ఎవరూ వచ్చి చెప్పనివారి కంటే ఎక్కువమంది అలవాటు మానేశారు, లేదా తగ్గించారు. గుమ్మంలో కూర్చుని మాట్లాడిన మనిషి మాటకు ఆ బలం ఉంటుంది.

ఇప్పుడు ఆ గుమ్మం దాకా వెళ్లే మనుషులు మన దగ్గర లేరా? ఏఎన్‌ఎంలున్నారు, ఆశా కార్యకర్తలున్నారు. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. ముప్పై దాటినవారికి బీపీ, షుగర్ చూసే కార్యక్రమం దేశమంతటా నడుస్తోంది. దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్లని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. వేలు గుచ్చి అంకె రాసుకోవడం వరకు యంత్రాంగం బాగానే సాగుతోంది. అంకె రాసుకున్న మరుక్షణం జరగాల్సిన సంభాషణకే దిక్కు లేదు. ‘ఉప్పు తగ్గించండి, నడవండి’ అని చెప్పి, కార్డులో టిక్కు పెట్టి, పక్కింటికి వెళ్లిపోవడమే. ఓపీలో వందమందిని చూసే డాక్టరును పావుగంట మాట్లాడమనడం అన్యాయం. ఆ పని నర్సమ్మకు అప్పగించి, అది పనేనని ఒప్పుకోవాలి. ఆమె రోజులో దానికి వేళ కేటాయించాలి, ఆమె మోస్తున్న రిజిస్టర్లలో ఒకటి రెండు తీసేయాలి.

మాటతో తీరని సంగతులున్నాయని కూడా ఒప్పుకోవాలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచి పేదింటి కంచంలో అన్నమే చవకైన కడుపునింపు. జొన్నలు, రాగులు, కూరగాయలు అంత చవగ్గా అందనప్పుడు ఎంత నేర్పుగా అడిగినా ఆమె ముందున్న దారులు తక్కువే. పొద్దున ఆరోగ్య కేంద్రంలో కౌన్సెలింగ్ ఇచ్చి, సాయంత్రానికి వీధి చివర బెల్టుషాపును తెరిచి ఉంచనిచ్చే ప్రభుత్వం తాగేవాడి మనోబలం గురించి మాట్లాడటం వింతగానే ఉంటుంది. బాధ్యతంతా రోగి మీదికి నెట్టడానికి ఈ పద్ధతిని వాడుకుంటే అది కూడా మర్యాదగా తిట్టడమే అవుతుంది.

శిక్షణ ఎలా ఇస్తారన్నది చివరి ప్రశ్న, అసలైన ప్రశ్న కూడా. మన ప్రభుత్వాలకు తెలిసిన శిక్షణ ఒకటే: జిల్లా కేంద్రంలో ఒకరోజు సమావేశం, ఒక సంచి, ఒక పుస్తకం, మధ్యాహ్నం భోజనం, సంతకం. మిల్లరే 2001లో ఇలాంటి రెండు రోజుల వర్క్‌షాప్ ఫలితం పరీక్షించి చూశారు. హాజరైనవారు తాము బాగా మారామనుకున్నారు, వారి దగ్గరికి వచ్చినవారు మాట్లాడే తీరు మాత్రం మారలేదు. తర్వాత జరిగిన పరీక్షల్లో, శిక్షణ ముగిశాక కూడా వారి సంభాషణలు విని, ఎక్కడ తప్పారో చెబుతూ వచ్చినప్పుడే నేర్పు నిలిచింది. గోవాలో కౌన్సెలర్లు తమ సంభాషణల రికార్డులను కలిసి కూర్చుని వినేవారు, ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. దానికి పెద్ద నిపుణులు అక్కర్లేదు, ఫోను చాలు. పీహెచ్‌సీలో ఏఎన్‌ఎంలు నెలనెలా ఎటూ సమావేశమవుతారు. లక్ష్యాల లెక్క ముగిశాక ఒక అరగంట, రోగి ఒప్పుకుని రికార్డు చేయనిచ్చిన ఒక్క సంభాషణ విని, ‘ఇక్కడ తొందరపడ్డావు, ఆమె ఇంకా చెప్పబోతోంది’ అని ఒకరికొకరు చెప్పుకునే ఏర్పాటును ఏ జిల్లాలోనైనా వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు.