పచ్చ టిక్కుని నమ్మే ముందు ఒకసారి చెడగొట్టి చూడండి

రిలీజ్ రాత్రుల మిత్రులారా!

ఆ మధ్య ఒక శనివారం రాత్రి ఒంటిగంటన్నరకు మా టీమ్ ఒక బిల్లింగ్ అప్లికేషన్‌ని ప్రొడక్షన్‌లో పెట్టింది. పైప్‌లైన్‌లో తొమ్మిది స్టెప్పులు, తొమ్మిదీ పచ్చ. "డిప్లాయ్‌మెంట్ సక్సెస్" అని మెయిల్ కొట్టి క్యాబులెక్కాం. తెల్లారి క్లయింట్ ఫోన్: సగం స్క్రీన్లు కొత్తవి, సగం పాతవి.

లాగ్ తీస్తే వందల లైన్ల మధ్యలో ఒకే ఒక్క లైను దొరికింది. ఫైలు వేరే ప్రాసెస్ చేతిలో ఉంది, కాపీ కుదరదు అని. సర్వీసు ఆగింది గానీ, అదే డీఎల్‌ఎల్‌ని పట్టుకుని ఒక షెడ్యూల్డ్ టాస్క్ నడుస్తూనే ఉంది. కాపీ ఫెయిలైనా మా బ్యాచ్ ఫైల్ గుడ్డెద్దు చేలో పడ్డట్టు ముందుకే పోయింది. చివరి లైనులో సర్వీసుని స్టార్ట్ చేసింది. అది సక్సెస్. బ్యాచ్ ఫైల్ ఆఖరి కమాండు ఇచ్చిన ఎగ్జిట్ కోడ్‌నే తన కోడ్‌గా అప్పజెబుతుంది, పైప్‌లైన్ చూసేదీ ఆ ఒక్క అంకెనే. సున్నా అయితే పచ్చ. సోమవారం మీటింగులో తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నాం, స్క్రిప్టు జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఈ స్క్రిప్టులు ఎవరి కోసం రాసినవి? స్క్రీను ముందు కూర్చుని డబుల్ క్లిక్ చేసే మనిషి కోసం. ఎర్రర్ కనబడితే అతనే ఆపేవాడు. ఇప్పుడా కుర్చీలో పైప్‌లైన్‌ని నడిపే ఏజెంట్ కూర్చుంది. సాధారణంగా అది విండోస్ సర్వీసుగా, వేరే అకౌంటుతో నడుస్తుంది. మీరు లాగినై మ్యాప్ చేసుకున్న జెడ్ డ్రైవ్ దానికి లేదు. ఇన్‌స్టాలర్ "ఓకే నొక్కండి" అని డబ్బా చూపిస్తే నొక్కే నాథుడు లేడు, స్టెప్పు అలాగే వేలాడుతుంది. పది సెకన్లు ఆగమని 'టైమౌట్' రాస్తే, ఇన్‌పుట్ కీబోర్డు నుంచి రావడం లేదని చూసి ఎర్రర్ ఇచ్చి, క్షణం కూడా ఆగకుండా తప్పుకుంటుంది.

ఇంకో మాయ చూడండి. ఒక బ్యాచ్ ఫైల్ నుంచి ఇంకోదాన్ని 'కాల్' అనకుండా పిలిస్తే మొదటిదానికి తిరిగి రావడం ఉండదు, మిగిలిన లైన్లు గాలికి పోతాయి. మాకెందుకు, మేమలా పిలవం అంటారా? విండోస్‌లో ఎన్‌పీఎం ఒక సీఎండీ ఫైలే. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ లైను కింద మీరు రాసిన కాపీ కమాండ్లు అసలు నడుస్తున్నాయో లేదో ఇవాళే చూసుకోండి.

పవర్‌షెల్‌కి మారాం, ఇక భయం లేదనే వాళ్లున్నారు. 2006లో వచ్చిన ఈ షెల్ బ్యాచ్ కన్నా ఎంతో నయం, నేనూ అదే వాడతాను. కానీ ఎర్రర్ వస్తే ఏం చేయాలన్న దాని డిఫాల్టు సెట్టింగు 'కంటిన్యూ'. దాన్ని 'స్టాప్' చేసినా, 5.1 వెర్షన్‌లో బయటి ఈఎక్స్ఈ ఒకటి సున్నా కాని కోడ్‌తో ముగిస్తే అది పట్టించుకోదు. లాస్ట్ఎగ్జిట్‌కోడ్‌ని మనమే చూసి ఆపాలి.

రోబోకాపీది తిరకాసు వ్యవహారం. ఫైళ్లు చక్కగా కాపీ చేసి 1 అంటుంది, పైప్‌లైన్ దాన్ని ఫెయిల్ అనుకుంటుంది. నిజమైన వైఫల్యం 8 నుంచి మొదలు. ఆ గొడవ భరించలేక చివర "ఎగ్జిట్ 0" తగిలించేవాళ్లు మనలో ఎందరో! పైగా తాళం పడిన ఫైలు దొరికితే డిఫాల్టుగా 30 సెకన్లకోసారి 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. లెక్క వేస్తే ఒక్క ఫైలుకి 347 రోజులు. ఆర్ 3, డబ్ల్యూ 5 అని రెండు స్విచ్చులు పెడితే పోయేదానికి ఇంకోసారి రాత్రంతా జాగారం చేశాం.

ఇంత తంటా ఎందుకు, చేత్తో కాపీ చేద్దాం అనే సీనియర్లకు 2012 ఆగస్టు 1 గుర్తు చేస్తాను. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ కొత్త కోడ్‌ని చేత్తోనే పెట్టింది. 8 సర్వర్లలో ఒకదాన్ని టెక్నీషియన్ మరిచాడు. ముప్పావుగంటలో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

కాబట్టి ఆటోమేషన్ ఉండాల్సిందే. నేను కోరేది ఒకటే నియమం: ఎర్రగా ఆగడం కళ్లారా చూడనిదే ఏ స్క్రిప్టునీ ప్రొడక్షన్ పైప్‌లైన్‌లోకి రానివ్వొద్దు. స్టేజింగ్‌లో ఒక డీఎల్‌ఎల్‌ని కావాలని లాక్ చేయండి. ఫోల్డర్ పేరులో ఒక అక్షరం మార్చండి. సర్వీస్ అకౌంటుకి పర్మిషన్ పీకేయండి. మూడు సార్లూ పైప్‌లైన్ ఆగిందా? ఆ రన్ లింకు రివ్యూలో అతికించండి, అప్పుడే అప్రూవల్. లింకు లేకపోతే మేనేజరు అడిగినా అప్రూవ్ చేయొద్దు.

లీడ్‌లకు ఒక మాట. దీనికి స్ప్రింటులో అరపూట కేటాయించండి. మా ఆదివారం మాత్రం పొద్దున్నుంచి రాత్రి తొమ్మిదిదాకా పోయింది, ఓవర్‌టైమ్ లేకుండా.

ఈ శుక్రవారం మీ పైప్‌లైన్‌లో అన్నిటికన్నా పాత బ్యాచ్ ఫైల్ ఏదో వెతికి, దానితోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
తొమ్మిది పచ్చ టిక్కులు చూసి ఇంటికెళ్లి పడుకున్న మీ సహోద్యోగి